డిష్ పిట్టగోడ మీదే పెట్టాలా?

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. టీవీ కోసం 90 సెంటీమీటర్ల డిష్ కొన్నాం. డిష్ చూడాల్సిన దిక్కులోనే, మా పెరటివైపు గోడకి 11 మీటర్ల దూరంలో ఒక చెట్టుంది. ఎత్తు 9 మీటర్ల దాకా ఉంటుంది. అది అడ్డం రాకుండా మేడమీద పిట్టగోడకి 3 మీటర్ల ఇనప గొట్టం బిగించి, దాని చివర డిష్ పెడదామని మా తమ్ముడు అంటున్నాడు. మేడ పక్కనుంచే కరెంటు తీగలు పోతున్నాయి. టీవీ కింది గదిలో ఉంది కాబట్టి కేబుల్ 40 మీటర్లు పట్టేలా ఉంది. ఉపగ్రహం 48 డిగ్రీల ఎత్తులో ఉందని ఫోన్‌లో యాప్ చూపిస్తోంది. మేమిద్దరమే బిగించుకోగలమా? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒకచోట నాకు గుండె గుభేలుమంది. మూడు మీటర్ల ఇనప గొట్టం, పక్కనే కరెంటు తీగలు, ఆ గొట్టాన్ని ఎత్తి నిలబెట్టేది అక్కాతమ్ముళ్లు ఇద్దరే. మీరడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను గానీ, ముందు ఆ గొట్టం ఆలోచన మానుకోండి. మీరిచ్చిన కొలతలతో లెక్క వేసి చూశాను. మీ డిష్‌కి మేడతో పనే లేదు. పెరటివైపు గోడకి, నేల మీంచి 2 మీటర్ల ఎత్తులో బిగిస్తే చాలు.

డిష్ ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. పాత రోజుల యాంటెనా నుంచి వచ్చిన అలవాటది. ఆ యాంటెనా ఎక్కడో నేల మీదున్న టవర్‌ని చూడాలి, కాబట్టి దానికి ఎత్తు కావాలి. డిష్ చూసేది ఆకాశంలోకి. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతుంటాయి. అందుకే మనకి ఎప్పుడు చూసినా ఒకేచోట నిలబడి ఉన్నట్టే లెక్క. అంత దూరం ముందు మీ మేడ ఎత్తు ఏపాటిది? రెండంతస్తులు ఎక్కించినందువల్ల సిగ్నల్ పిసరంత కూడా పెరగదు. కావాల్సిందల్లా డిష్‌కీ ఉపగ్రహానికీ మధ్య ఏదీ అడ్డం లేకపోవడం.

మరి చెట్టు సంగతి. 48 డిగ్రీల వాలులో పోయే చూపు 1 మీటరు ముందుకు సాగేసరికి 1.1 మీటరు పైకి లేస్తుంది. చెట్టు దాకా 11 మీటర్లు పోయేసరికి 12 మీటర్లకు పైగా లేస్తుంది. డిష్ ఉన్న 2 మీటర్లూ కలిపితే 14 మీటర్లు. మీ చెట్టు 9 మీటర్లే. అంటే చూపు చెట్టు కొసకి 5 మీటర్ల పైనుంచి పోతుంది. చెట్టు ఇంకొన్నేళ్లు పెరిగినా ఫరవాలేదు. మీరు చూసుకోవాల్సింది చెట్టు ఎత్తు కాదు, ఇంటివైపు సాచిన కొమ్మలు. గోడకి 3 మీటర్ల దూరంలో చూపు 5 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అక్కడికి ఏదైనా కొమ్మ వచ్చిందంటే అది అడ్డమే. తడిసిన ఆకులు ఇంకా ఎక్కువ అడ్డం. ఆకులు రాలిన కాలంలో డిష్ పెట్టి, చిగుర్లు వేశాక సిగ్నల్ పోయిందని తల పట్టుకున్నవాళ్లని చూశాను.

మీ తమ్ముడికి చెట్టు అడ్డమనిపించడంలో తప్పేమీ లేదు. ఇళ్ల మీద కనిపించే డిష్‌లు చాలావరకు ఆఫ్‌సెట్ రకం. కింది అంచునుంచి ఒక కడ్డీ ముందుకొచ్చి, దాని చివర ఎల్‌ఎన్‌బీ, అంటే సిగ్నల్‌ని అందుకుని కేబుల్‌లోకి పంపే చిన్న పరికరం ఉంటుంది. ఈ రకం డిష్ తన ముఖం ఉన్న వైపు చూడదు. దాని చూపు ముఖం కన్నా 20 నుంచి 25 డిగ్రీలు పైకి ఉంటుంది. మీ డిష్ 48 డిగ్రీలు చూడాలంటే ముఖం 24 డిగ్రీల దగ్గర ఉంటుందనుకోండి. ఆ వాలులో కంటితో చూస్తే 11 మీటర్ల దూరంలో తగిలేది చెట్టు పైభాగమే. ఎవరు చూసినా 'ఇది చెట్టులోకి చూస్తోందిరా' అనే అంటారు. నిజానికది చెట్టుకి చాలా పైనుంచి చూస్తోంది.

నా లెక్క మీద నమ్మకంతోనే డ్రిల్ పట్టుకోవద్దు. మీరూ ఒకసారి చూసి నిర్ధారించుకోండి. పిల్లల జామెట్రీ పెట్టెలో కోణమానిని ఉంటుంది కదా, దాని మధ్య చుక్క దగ్గర దారం కట్టి, దారం చివర ఒక నట్టు వేలాడదీయండి. తిన్నటి అంచు పైకి, గుండ్రటి వైపు కిందికి పెట్టి, అంచు వెంబడి ఒక కన్నుతో చూడండి. అడ్డంగా, సమంగా చూసినప్పుడు దారం 90 దగ్గర ఉంటుంది. కొంచెం కొంచెంగా పైకెత్తుతూ దారం 42 దగ్గరికి వచ్చాక ఆగండి. మీ చూపు ఇప్పుడు 48 డిగ్రీల్లో ఉంది. డిష్ పెట్టబోయే చోట, అదే ఎత్తులో కన్ను ఉంచి ఉపగ్రహం దిక్కుగా చూడండి. ఎదురుగా ఉత్త ఆకాశమే కనబడాలి. మీ సొంత ఇంటి చూరు, సన్‌షేడ్, పై అంతస్తు బాల్కనీ కూడా చూసుకోండి, అందరూ మరిచిపోయేవి అవే. అటూఇటూ ఓ 5 డిగ్రీలు ఖాళీ ఉంటే నిశ్చింత.

దిక్కు తెలుసుకోవడానికి ఫోన్‌లోని దిక్సూచిని పూర్తిగా నమ్మలేం. గోడలోని ఇనప చువ్వలు, మీ చేతిలోని స్పానర్ కూడా దాన్ని తిప్పేస్తాయి. పైగా అయస్కాంతం చూపే ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కావు. నేను ఎండని నమ్ముతాను. ఉపగ్రహం ఏ దిక్కులో ఉందో సూర్యుడు ఆ దిక్కుకి ఏ వేళకి వస్తాడో చెప్పే యాప్‌లున్నాయి. సరిగ్గా ఆ నిమిషానికి గుండు కట్టిన దారం నీడ నేల మీద ఎలా పడిందో సున్నపుముక్కతో గీయండి. ఆ గీతే మీ డిష్ దిక్కు. మబ్బు లేని రోజు చేసుకుంటే దీన్ని మించిన కొలత లేదు.

మేడమీద గొట్టం ఎందుకు వద్దంటున్నానో కూడా వినండి, రేపు ఇంకెవరో వచ్చి 'పైనే పెట్టండి' అంటారు. గంటకి 100 కిలోమీటర్ల గాలి వీస్తే 90 సెంటీమీటర్ల డిష్ మీద పడే తోపు దాదాపు 40 కిలోల బరువంత. ఆ డిష్ 3 మీటర్ల గొట్టం చివర ఉండి, కింద అరమీటరు ఎడంతో రెండు క్లాంపులు వేశారనుకోండి. పై క్లాంపు మీద పడేది దానికి ఆరు రెట్లు, 240 కిలోలు. గాలి ఒక్కసారి తోసి ఊరుకోదు, రాత్రంతా ఊపుతూనే ఉంటుంది. పిట్టగోడ మనుషులు పడిపోకుండా కట్టిన అడ్డుగోడ, అంత లాగుడు తట్టుకునేలా కట్టింది కాదు. ఇటుకలతో సహా ఊడి కింద నడిచేవాళ్ల మీద పడితే?

కరెంటు తీగలది ఇంకా పెద్ద భయం. గొట్టం ఎత్తేటప్పుడు బరువంతా పైన ఉంటుంది, ఒక పక్కకి వాలిందంటే ఇద్దరు మనుషులు ఆపలేరు. తీగకి తగిలితే పట్టుకున్న ఇద్దరికీ షాక్ కొడుతుంది. తీగ మీద తొడుగుంది కదా అని ధైర్యం చేయకండి. మనిషి చెయ్యి, నిచ్చెన, గొట్టం, డిష్, వీటిలో ఏదీ తీగకి 3 మీటర్ల లోపుకి రాకూడదు. అది కూడా ఇళ్ల పక్కనుంచి పోయే మామూలు తీగలకే. పెద్ద టవర్ల మీద పోయే తీగలకైతే ఇంకా చాలా దూరం ఉండాలి. నిలబెట్టిన గొట్టం ఎటు కూలినా తీగ అందనంత దూరం ఉంటే తప్ప అక్కడ గొట్టం అనే మాటే వద్దు. ఎప్పుడైనా డిష్ చేయిజారి తీగల మీదికి పోతుంటే పట్టుకోబోకండి. పోనివ్వండి. విద్యుత్ శాఖవాళ్లకి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా దూరంగా నిలబడండి.

నాకు జరిగింది ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో డిష్ పట్టుకుని, రెండో చేత్తో బోల్టు తిప్పుతున్నాను. అప్పటిదాకా ఆకు కూడా కదల్లేదు. ఉన్నట్టుండి ఒక్క విసురు వచ్చింది. డిష్ తెరచాపలా పొంగి నన్ను నిచ్చెన మీంచి పక్కకి లాగింది. వదిలేశాను. పదడుగుల కింద, నిమిషం ముందు ఒక చిన్నపిల్ల నిలబడ్డ చోట, అంచు నేలలో దిగబడింది. ఆ పిల్ల అప్పటికే లోపలికి పోయింది. ఆ రోజు నుంచి రెండు కాళ్లూ నేల మీద ఆనించి చేయగల చోటుంటే ఇంకెక్కడా డిష్ పెట్టను.

అందుకే మీ పెరటిగోడ నాకు నచ్చింది. చిన్న స్టూలో, నాలుగు కాళ్ల మడత నిచ్చెనో ఉంటే పని అయిపోతుంది. తమ్ముడు పట్టుకుంటాడు, మీరు బిగిస్తారు, లేదా అటుదిటు. గాలి వీచే రోజు, వాన పడి నేల తడిగా ఉన్న రోజు పని పెట్టుకోకండి. ఎల్‌ఎన్‌బీ కడ్డీ మనుషులు నడిచే దారిలో ముఖానికి తగిలేలా ఉండకూడదు, ఓ పక్కగా చూసుకోండి.

ఇక గోడ పని. డ్రిల్ పెట్టేముందు ఆ గోడలో కరెంటు పైపు, నీళ్ల పైపు ఎటు పోతున్నాయో తెలుసుకోండి. స్విచ్చుబోర్డుకి, కుళాయికి తిన్నగా పైన, కింద రంధ్రాలు వద్దు. గట్టి ఇటుకలో గానీ కాంక్రీటులో గానీ వేయండి, రెండు ఇటుకల మధ్య సిమెంటు అతుకులో కాదు, గోడ చివరి మూలలో కాదు. పైన ప్లాస్టరింగ్ మందంగా ఉంటే బోల్టు దాన్ని దాటి లోపలి ఇటుకని పట్టుకునేంత పొడుగుండాలి. 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు నాలుగు సరిపోతాయి, తుప్పు పట్టనివి తీసుకోండి. రంధ్రం వేశాక లోపలి పొడి మొత్తం ఊది తీసేయాలి. అది ఉండిపోతే బోల్టు ఎంత తిప్పినా లోపల జారుతూనే ఉంటుంది. మీది బోలు ఇటుకల గోడ అయితే మాత్రం ఈ బోల్టులు పట్టవు, అక్కడ కెమికల్ యాంకర్లు, అంటే రంధ్రంలో గట్టిపడే జిగురుతో నిలిపే బోల్టులు వేయించండి. బ్రాకెట్ బిగించాక రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. వెంట్రుకవాసి కదిలినా విప్పి మళ్లీ వేయాల్సిందే.

డిష్ కూర్చునే చిన్న గొట్టం నిట్టనిలువుగా ఉండాలి. తక్కిన పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. రసమట్టం ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కగా ఆనించి చూడండి, రెండుసార్లూ బుడగ మధ్యలో నిలవాలి. గొట్టం ఒరిగి ఉంటే డిష్‌ని కుడి ఎడమలకి తిప్పినప్పుడల్లా ఎత్తు కోణం కూడా మారిపోతుంది. అప్పుడు ఉపగ్రహాన్ని వెతకడం చీకట్లో సూదిని వెతకడమే.

గురి పెట్టేటప్పుడు తొందర పనికిరాదు. ముందు బ్రాకెట్ మీద అంకెలున్న చోట 48 పెట్టి, పైకీ కిందికీ కదలకుండా కొంచెం బిగించండి. ఎల్‌ఎన్‌బీని యాప్ చెప్పినంత కోణంలో దాని గూటిలో తిప్పండి. తర్వాత డిష్‌ని నేల మీద గీసుకున్న గీత వైపు తిప్పి, అక్కణ్నుంచి అటూఇటూ జరుపుతూ వెతకండి. ఎంత మెల్లగా? 90 సెంటీమీటర్ల డిష్ అంచు 8 మిల్లీమీటర్లు జరిగితే చాలు, దాని చూపు 1 డిగ్రీ తప్పుతుంది. ఆ 1 డిగ్రీ ఉపగ్రహం దగ్గర 600 కిలోమీటర్లకి పైమాట. సిగ్నల్ దాదాపు సగానికి పడిపోతుంది. అందుకని అంచు రెండేసి మిల్లీమీటర్లు జరపడం, నాలుగైదు సెకన్లు ఆగడం, సెట్‌టాప్ బాక్సుకి పట్టుకునే వ్యవధి ఇవ్వడం, మళ్లీ జరపడం. తమ్ముడు లోపల టీవీ ముందు కూర్చుని ఫోన్లో అంకెలు చదువుతూ ఉండాలి.

తెర మీద రెండు పట్టీలుంటాయి, స్ట్రెంగ్త్, క్వాలిటీ. మొదటిదాన్ని చూసి సంబరపడకండి. పక్క ఉపగ్రహం తగిలినా, ఒక్కోసారి ఏదీ తగలకపోయినా అది పైకే ఉంటుంది. మీరు చూడాల్సింది క్వాలిటీ. అది వచ్చాక అత్యధికం దగ్గర ఆపేయడం కన్నా మంచి పద్ధతి ఒకటుంది. ఎడమకి జరుపుతూ క్వాలిటీ పడిపోయే చోట గొట్టం మీద పెన్సిల్ గుర్తు పెట్టండి. కుడికి జరిపి అక్కడా ఒక గుర్తు. ఆ రెండింటికీ నట్టనడుమ ఆపండి. పైకీ కిందికీ కూడా అలాగే. ఎల్‌ఎన్‌బీని కూడా కొంచెం కొంచెం తిప్పి చూడండి. బోల్టులు ఒక్కొక్కటీ ఒకేసారి బిర్రుగా బిగిస్తే డిష్ ఆ వైపుకి లాక్కుంటుంది, ఎడమది ఓ చుట్టు, కుడిది ఓ చుట్టు బిగిస్తూ, మధ్యమధ్యలో అంకె అడుగుతూ ఉండండి. ఈ ఓపిక పట్టినవాళ్లకి వానలో తేడా తెలుస్తుంది. చినుకులు సిగ్నల్‌ని తినేస్తాయి. గురి సరిగ్గా ఉన్న డిష్‌కి ఆ తిండి పోగా ఇంకా మిగులుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ కన్నా మీ 90 సెంటీమీటర్ల డిష్ పట్టే సిగ్నల్ రెండు రెట్లకు పైనే, దాన్ని తప్పుడు గురితో పాడు చేసుకోవద్దు.

కేబుల్ విషయంలోనూ పెరటిగోడ మీకు కలిసొచ్చింది. మామూలుగా వాడే ఆర్‌జీ-6 కేబుల్‌లో 40 మీటర్లు పోయేసరికి పై ఫ్రీక్వెన్సీల్లో దాదాపు 12 డెసిబెల్‌లు తరిగిపోతాయి, అంటే బయల్దేరిన దాంట్లో పదహారో వంతు చేరుతుంది. ఎల్‌ఎన్‌బీ సిగ్నల్‌ని బాగా పెంచి పంపుతుంది కాబట్టి 40 మీటర్లు పనిచేయదని కాదు. కానీ పెరటిగోడ నుంచి కింది గదికి 12 మీటర్లు చాలేటప్పుడు ఆ నష్టం ఎందుకు? మధ్యలో అతుకుల్లేని ఒకే ముక్క వేయండి, నడిమి తీగ అసలు రాగిది చూసి తీసుకోండి.

కేబుల్ చివర కనెక్టర్ వేసే పని చిన్నదే అయినా చాలా ఫిర్యాదులకి మూలం అదే. ముందు సెట్‌టాప్ బాక్సు ప్లగ్ తీసేయండి. ఎల్‌ఎన్‌బీకి కావాల్సిన 13, 18 వోల్టులు ఈ కేబుల్‌లోనే వస్తాయి, తీగలు తగులుకుంటే బాక్సు పాడవుతుంది. పై తొడుగు కోశాక వెండిరంగు సన్న తీగల అల్లిక కనబడుతుంది. దాన్ని పూర్తిగా వెనక్కి దువ్వి మడవండి. తర్వాత వెలుతుర్లో పెట్టి తిప్పుతూ చూడండి, వెంట్రుకంత సన్న పోగు ఒక్కటి నడిమి రాగి తీగని తాకుతున్నా ఎల్‌ఎన్‌బీ పనిచేయదు. నడిమి తీగ కనెక్టర్ అంచుకన్నా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనిపించాలి. మర తిప్పి ఎక్కించే రకం కన్నా సాధనంతో నొక్కి బిగించే కనెక్టర్ మేలు, నీళ్లు దూరవు. నీళ్లు ఒకసారి దూరాయంటే ఆ అల్లిక వెంబడి దీపంలో ఒత్తి నూనె పీల్చినట్టు లోపలికి పాకిపోతాయి. కేబుల్‌ని ఎల్‌ఎన్‌బీ దగ్గరా, గోడలోకి దూరే చోటా కొంచెం కిందికి జారేలా వదిలి మళ్లీ పైకి తీసుకెళ్లండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. గోడలో రంధ్రం లోపల ఎత్తుగా, బయట పల్లంగా వేయండి.

ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, ఇది మీరిద్దరూ చేసుకునే పని కాదు. ఇంటి కప్పు అంచుకి కనీసం 2 మీటర్లు కిందుగా, గోడ నుంచి 1.5 మీటర్ల లోపు ఉండే డిష్‌కి పిడుగు నేరుగా తగిలే అవకాశం తక్కువని అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60728-11 పరిగణిస్తుంది. మీ పెరటిగోడ డిష్ ఆ హద్దుల్లోనే ఉంటుంది, పిట్టగోడ మీది గొట్టం ఉండదు. అయినా కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట దాని పై అల్లికని ఇంటి ఎర్తుకి కలిపించండి. ఒక్క విషయం గట్టిగా చెప్పండి: డిష్ కోసం విడిగా కడ్డీ పాతితే దాన్ని ఇంటి ప్రధాన ఎర్తుతో తప్పకుండా కలపాలి. కలపకపోతే పిడుగు దగ్గర్లో పడ్డప్పుడు రెండు ఎర్తుల మధ్య వోల్టేజి తేడా వచ్చి, అది టీవీ గుండా దారి వెతుక్కుంటుంది. గ్యాస్ పైపుకి ఎర్తు కలపనివ్వకండి. ఉరుములు మొదలవకముందే కేబుల్, ప్లగ్ రెండూ తీసి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. మొదలయ్యాక వాటి జోలికి వెళ్లొద్దు.

మొదటి పెద్ద గాలివాన వెలిశాక ఒకసారి బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. గొట్టం మీద పెట్టిన పెన్సిల్ గుర్తులు చెరపకండి, డిష్ జరిగిందో లేదో అవే చెబుతాయి. ఏటా రెండుసార్లు, పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబర్ నెలల అటూఇటూగా, కొన్ని రోజులపాటు పగటిపూట ఒకే వేళకి కొన్ని నిమిషాలు బొమ్మ ఆగిపోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి, తన రేడియో రొదలో సిగ్నల్‌ని ముంచేస్తాడు. ఆ నిమిషాల్లో స్పానర్ ముట్టుకోకండి. పెరట్లోకి వెళ్లి డిష్ ముఖం మీద చెట్టు నీడ పడిందా అని మాత్రం చూడండి. ఎండ నిండుగా పడుతుంటే మీ దారి ఇంకా ఖాళీగానే ఉంది. ఒక పక్క ఆకుల నీడ కదులుతుంటే ఏ కొమ్మ కొట్టించాలో ఆ నీడే చూపిస్తుంది.